ఆవు చేపడానికి పట్టే సమయం

2013 జూన్‌లో నన్ను పుంగనూరు నుంచి సోమల మండలంలోని ఒక పల్లె పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పైన డివిజన్‌కు ఒక అసిస్టెంట్ డైరెక్టరు, కింద ఒక అటెండరు. వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం పాడి ఆవులే.

ఆ వానాకాలంలో గంగులమ్మ తన ఆవును తోలుకొచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఆ ఒక్క ఆవు పాలే ఆమెకు జీవనం. దూడ చచ్చిపోయినప్పటి నుంచి ఆవు చేపడం లేదు. అంటే, పొదుగులో పాలున్నా కిందికి దించడం లేదు.

“సూదేస్తే గానీ సేపదు డాక్టరమ్మా. ఇప్పుడు సూదికీ సరిగ్గా సేపడం ల్యా,” అంది.

సూది ఎవరు వేస్తున్నారని అడిగాను.

“నేనే. అంగట్లో సీసా ఇస్తారు, దానికి పేరూ ఊరూ ఉండదు. ఊరంతా ఏస్తాండారు. నన్నొక్కదాన్నే యాల అట్ల సూస్తావు?”

ఆ సీసాలో ఉండేది ఆక్సిటోసిన్. ఆవు మెదడు సొంతంగా తయారు చేసుకునే హార్మోనే అది. దూడ మూతి పొదుగుకు తగిలితే ఆ కబురు నరాల గుండా మెదడుకు పోతుంది. మెదడు ఈ హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. పాల తిత్తులను చుట్టుకుని ఉన్న కణాల మీద దీన్ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. హార్మోన్ వాటికి అతుక్కోగానే కణాలు ముడుచుకుని పాలను కిందికి నెడతాయి. రోజూ బయటి నుంచి పెద్ద మోతాదు పడుతుంటే కణాల స్పందన మందగిస్తుంది. అప్పుడు మెదడు పంపే కొద్దిపాటి హార్మోన్ చాలదు. ఆవు బెదిరితే విడుదలయ్యే అడ్రినలిన్ ఇంకో అడ్డు: అది ఆక్సిటోసిన్ పనిని ఆపేస్తుంది.

సూది మోతాదు కొద్దికొద్దిగా తగ్గించమన్నాను. వేన్నీళ్ల గుడ్డతో పొదుగు తుడవాలి, ముందర దాణా పెట్టాలి, రోజూ ఒకే మనిషి పితకాలి, దగ్గర అలికిడి ఉండకూడదు. గంగులమ్మ అన్నీ తప్పకుండా చేసింది. అలికిడి ఒక్కటే ఆమె చేతిలో లేదు. పాలకేంద్రం వ్యాను ఆగేది సరిగ్గా ఆమె కొట్టం ముందరే. డ్రైవరు తెల్లవారుజామున సరిగ్గా పాలు పితికే సమయంలోనే, రోజుకో వేళకు వచ్చి, జనం చేరేదాకా హారన్ కొట్టేవాడు. ఆ మోతకు ఆవు బిగదీసుకునేది.

నేను కేంద్రం మేనేజరు దగ్గరికి వెళ్లి వ్యానును నాలుగిళ్లు అవతల ఆపమని అడిగాను.

“ఆవు చెవుల్లో దూది పెట్టండి డాక్టరమ్మా,” అని నవ్వాడు.

దూదీ పెట్టి చూశాం. తల విదిలించి పారేసింది.

ఒకరోజు వ్యాను చెడిపోయి రాలేదు. నేను వెళ్లేసరికి గంగులమ్మ నిండు బకెట్టు పక్కన కూర్చుని ఉంది. సూది వేయలేదు.

“సూడమ్మా, ఈ పొద్దు సేపింది. పోసేదానికి బండి ల్యా,” అంది.

నా వైద్యం పనిచేస్తుందని రుజువైంది ఆ ఒక్క పూటే. మర్నాడు వ్యాను వచ్చింది, హారన్ కూడా. వరుసగా కొన్ని రోజులు పాలు పోయకపోతే కేంద్రంలో పాలు పోసే కార్డు రద్దు చేస్తామని కేంద్రం వాళ్లు చెప్పడంతో ఆమె మళ్లీ సూది పట్టింది, ముందటి కంటే ఎక్కువ మోతాదులో. నేను అసిస్టెంట్ డైరెక్టరుకు రాశాను. వ్యాను హారన్ మన శాఖ పరిధిలోకి రాదని జవాబిచ్చారు. అది నిజమే. పేరులేని సీసాల మీద కూడా ఫిర్యాదు చేశాను. అధికారులు తనిఖీకి వచ్చిన రోజు అంగట్లో ఒక్క సీసా కనబడలేదు.

సంక్రాంతి దాటేసరికి ఆవు ఎంత మందుకూ చేపలేదు. గంగులమ్మ దాన్ని పుంగనూరు సంతలో అమ్మేసింది. ఎవరు కొన్నారని అడిగాను.

“పాలకు కొనేవాళ్లు కాదులేమ్మా,” అంది. మళ్లీ ఆస్పత్రి గడప తొక్కలేదు.

ఆ తరువాత కుప్పంలో పనిచేసినప్పుడూ, మదనపల్లెలో రిటైరయ్యే దాకా కూడా, ఇలాంటి కేసు వస్తే ముందు పాలబండి ఎక్కడ ఆగుతుందని అడిగేదాన్ని. కొట్టం ముందరే అంటే సూది మాన్పించే వైద్యం మొదలుపెట్టేదాన్ని కాదు. ఇంకా చేపుతుండగానే ఆవును అమ్ముకోమని చెప్పేదాన్ని.