ఉప్పునుంతల నుంచి వచ్చిన మూడు బ్యాటరీ పెట్టెలు

నలభై రోజులుగా కొత్తకోట మెకానిక్ షెడ్డులో నిలిచిపోయిన నా ఎలక్ట్రిక్ కారు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండూ పదికి కదిలింది.

వారానికి మూడుసార్లు నా భార్యను అయిజ నుంచి గద్వాలకు డయాలసిస్‌కు తీసుకెళ్లే కారు అది. ఆ మోడల్ తయారీ ఆగిపోయింది, కొత్త బ్యాటరీ రాదని చెప్పేశారు. ఇన్ని రోజులూ ఆమె బస్సులో వెళ్లింది. తిరుగు ప్రయాణంలో చాలాసార్లు సీటు దొరక్క నిలబడే వచ్చింది.

మెకానిక్ బ్యాటరీ విప్పి చూస్తే లోపలి పెట్టెల్లో మూడే పాడయ్యాయి. అప్పుడు ఉప్పునుంతల రైతు బాలయ్య గుర్తొచ్చాడు. తన ఇదే మోడల్ కారు మూలపడితే, దాని బ్యాటరీతో బోరు షెడ్డులో బల్బులు వెలిగించుకుంటున్నాడని రెండేళ్ల కిందట మా పేపర్లో అతని మీద వార్త రాశాను. ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఈ ఉదయం పల్లికాయ సంచుల మధ్య మూడు పెట్టెలు పెట్టుకుని ట్రాలీ ఆటోలో తనే వచ్చాడు. మెకానిక్ వోల్టేజీ సరిచూసి బిగించాడు.

"నీ షెడ్డుల చీకటైతదేమో బాలయ్యా" అన్నాను.

"రెండు బల్బులు తక్కువైతయ్, అంతే. చెల్లె బస్సుల నిలబడి రావద్దు సార్. గని అప్పుడు పేపర్ల మాది అచ్చంపేట అని రాసినవ్. ఊరంత నన్ను ఆట పట్టిచ్చిన్రు. గీసారన్న సక్కగ రాయి."

రాస్తున్నాను: బాలయ్యది ఉప్పునుంతల. నా వృత్తిలో ఇంత ఆలస్యంగా వేసిన సవరణ ఇదే. ఇలాంటి కార్లు మీ షెడ్డుల్లో ఉంటే కింద కామెంట్లలో చెప్పండి, ఊరి పేరుతో సహా.

రేపు ఉదయం ఆరున్నరకు గద్వాలకు బయలుదేరుతాం. ఆమె ముందు సీట్లో కూర్చుంటుంది.