నీలం టిక్కులు

మునేటికి వరదొస్తే ఆశా వర్కరు లూర్దమ్మ ఊరి వాట్సాప్ గ్రూపులో తన గొంతు పెడుతుంది: "లూర్దమ్మనండీ. ఆదివారం పొద్దున పదయింది. నీళ్ళు చప్టా ఎక్కాయి, బడికి వచ్చెయ్యండి." చదువురానివాళ్ళకి ఆ గొంతంటే నమ్మకం. ఆ తరవాత కళ్ళజోడు సర్దుకుని, ఎవరెవరు వినలేదో ఫోనులో చూసి, ఆ పేర్లు బాల్‌పెన్నుతో అరచేతిలో రాసుకుని, ఒక్కో గుమ్మానికీ నడిచి వెళ్తుంది. మొన్నటి వరదకి అరచెయ్యి ఖాళీగానే ఉంది. "అందరికీ నీలం టిక్కులు పడ్డాయి కదండీ, ఇంకెక్కడికి?" అన్నాడు పంచాయతీ సెక్రటరీ వీరేంద్ర. "ఏలీయా తాతకి చెవుడండీ" అంటూ ఆమె కుచ్చెళ్ళు ఎగదోపి మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. ఇంట్లో మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఏలీయా, ఆమెను చూడగానే ఫోను చేతికిచ్చాడు. "పొద్దుట్నుంచి ఒకటే వణుకుతోందమ్మాయ్. నొక్కుతూనే ఉన్నా. ఏమంటోంది?"