మిలటరీ బండి గొంతు

నాలుగేళ్ల కింద ఏప్రిల్ మొదటి వారంలో, పదవీ విరమణకు మూడు నెలలు మిగిలి ఉండగా, నన్ను బెళుగుప్ప దగ్గరి వేసవి నీటి ట్యాంకర్ల షెడ్డుకు ఫోర్‌మన్‌గా పంపారు. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పెద్ద, ఇంజనీరుకు చిన్న. బండి కదిలితే ఇంజనీరు ఘనత, ఆగితే ఫోర్‌మన్ నిర్లక్ష్యం. మాది గుంతకల్లు బజారులో చిల్లర అంగడి పెట్టుకున్న కుటుంబం. బేరమాడకుండా నేను ఒప్పుకున్నవి జీవితంలో రెండే, పెళ్లి, ఈ ఉద్యోగం. రెండింటిలోనూ నన్నెవరూ అడగలేదు.

షెడ్డులో ఆరు ట్యాంకర్లుండేవి. అయిదు మామూలువి. ఆరోది అద్దెకు తీసుకున్నది, మహబూబ్ బాషా అనే డ్రైవరు సొంత బండి. అదొక పాత మిలటరీ లారీ. సైన్యం వాడి పక్కన పెట్టిన బండ్లను వేలం వేసినప్పుడు కొని, వెనక సైనికులు కూర్చునే చోట నీళ్ల ట్యాంకు బిగించుకున్నాడు. సైన్యం పచ్చరంగు మామూలు జనం బండ్లకు ఉండకూడదు కాబట్టి నీలం పూయించాడు. రాయి తగిలి పెచ్చు ఊడిన చోటల్లా పచ్చ తొంగిచూసేది. తుపాకులు నిలబెట్టే చట్రంలో గొడుగు, టిఫిన్ క్యారియరు ఉండేవి. ఆరు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కనుక గుట్టపల్లె రాళ్లదారి అదొక్కటే ఎక్కేది. ఆ ఊరి బోర్లు ఎండాకాలం రాకముందే ఎండిపోయాయి. దినం తప్పి దినం బాషా తెచ్చే ట్యాంకే వాళ్లకు నీళ్లు.

నేను చేరిన మూడో రోజు ఆ బండి ఫిట్‌నెస్ పరీక్షలో తప్పింది. ఫిట్‌నెస్ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ఇచ్చే పత్రం. పరీక్షకు వచ్చిన మేడమ్ పొగగొట్టం చివరికి అర మీటరు దూరంలో, ఏటవాలుగా, చప్పుడు కొలిచే మీటరు పెట్టించి, బాషాను యాక్సిలరేటరు తొక్కమన్నారు. వచ్చిన అంకె చూసి, మీటరు చెడిందేమోనని ఇంకోసారి తొక్కించారు. చెడింది మీటరు కాదు. చప్పుడును అణచడానికి సైలెన్సరు లోపల ఉండే అరలన్నీ తుప్పుపట్టి రాలిపోయాయి. పైన రేకు చుట్టి, తీగతో కట్టి నడుపుతున్నాడు. పది రోజుల్లో బాగుచేసి మళ్లీ చూపించాలి, అందాకా నీళ్ల పనికి మాత్రం తిరగవచ్చు, ఆ తర్వాత బండి ఆపేయాలి అని రాసిచ్చారు. బండి ఆగితే గుట్టపల్లెకు నీళ్లు ఆగుతాయి.

ఆ ఇంజనుకు సరిపోయేది పాత బస్సు సైలెన్సరు. దానికోసం గుంతకల్లులో పాత సామాన్ల అంగడికి వెళ్లాను. కావలసిన వస్తువు వైపు చూడనే కూడదని మా నాయన నేర్పిన విద్య. అందుకని అక్కడున్న ఒక రేడియేటరును అరగంటసేపు తిట్టాను. అంగడతను ఓపికగా విన్నాడు.

“రేడియేటరు సంగతి సరే అన్నా. ఆ సైలెన్సరు మీద కాలు పెట్టుకోని అడుగుతాండావే, ముందు ఆ కాలు తీయి” అన్నాడు.

చివరికి రెండూ నాకే అంటగట్టాడు. ఆ రేడియేటరు ఇప్పటికీ మా పెరట్లో ఉంది. మా ఆవిడ దాని మీద వడియాలు ఎండబెడుతుంది.

సైలెన్సరు బిగించడానికి రెండు రోజులు పట్టింది. పని ముగిశాక బండి ఎంత మెత్తగా నడిచిందంటే, ఇంజను ఆగిపోయిందేమోనని బాషా రెండుసార్లు దిగి చూశాడు. ప్రతి మరమ్మతుకూ ఒక జాబ్ కార్డు ఉంటుంది, ఏం చెడింది, ఏం చేశాం అని రాసే కాగితం. దాని మీద ‘పని సంతృప్తికరం’ అని రాసి, మామూలు కంటే పెద్ద సంతకం పెట్టాను.

మరుసటి రోజు బాషా గుట్టపల్లె నుంచి దాదాపు నిండు ట్యాంకుతోనే తిరిగొచ్చాడు. కొళాయి చెడిందా అని అడిగాను.

“కొళాయి బాగుండాది సార్. ఊర్లో మనుషులే లేరు. ఇద్దరు ముసలోళ్లు, ఒక కుక్క. అరగంట నిలబడి వచ్చేస్తి.”

అరగంట ఆగి, ట్రిప్పు పుస్తకంలో ఊరివాళ్ల సంతకం తీసుకుని బయలుదేరాలనేది నియమం. అవతల ఇంకో పల్లె కాచుకుని ఉంటుంది. బాషా తప్పేమీ లేదు. ఎవరి తప్పో మర్నాడు పొద్దున తెలిసింది. షెడ్డు గేటు ముందు గుట్టపల్లె ఆడవాళ్లు పదిమంది ఖాళీ బిందెలతో కూర్చుని ఉన్నారు. ముందున్నావిడ పేరు నారాయణమ్మ. ఉపాధి పనిలో వాళ్ల జట్టుకు పెద్ద.

“ఏమప్పా ఫోర్‌మనూ, బండికి నోరు కుట్టింది నువ్వేనా?” అంది.

నేను పరీక్ష గురించి, మీటరు గురించి, డెసిబెళ్ల గురించి వివరించాను. అంతా విని, “మీటరుకు చెవులుండాయి సరే, మాకు లేవా?” అని అసలు సంగతి చెప్పింది.

పొద్దున్నే ఊరంతా గుట్ట వెనక కందకాలు తవ్వే ఉపాధి పనికి పోతుంది. బండి గుట్ట మొదట్లో చిన్న గేరు వేసుకోగానే ఆ మోత అవతలికి వినబడుతుంది. బండి పైకెక్కడానికి ఇరవై నిమిషాలు. పారలు పక్కన పడేసి, ఊళ్లోకి వచ్చి, బిందెలు వరస పెట్టడానికీ ఇరవై నిమిషాలే. ఏళ్ల తరబడి ఆ లెక్క తప్పలేదు. నేను తప్పించాను.

ఫోన్ చేయిస్తానన్నాను. “సెల్లు ఊర్లోనే మోగదు, గుట్టెనక యాడ మోగుతాది?” అంది. హారన్ కొట్టిస్తానన్నాను. “కింద రోడ్డులో గాలిమరల సామాన్లు మోసే లారీలు పొద్దంతా హారన్లే కొడతాండాయి. హారన్ వినబడినప్పుడల్లా పార పడేసి పరిగెత్తితే మా కూలి నీ నాయనిస్తాడా?” అంది. మా నాయన అంగట్లో కొసరు బెల్లం ముక్క కూడా ఇచ్చినవాడు కాదు.

గడువుకు అయిదు రోజులే ఉంది. ఒక డెసిబెల్ కూడా పెరగకూడదని మేడమ్, తగ్గకూడదని నారాయణమ్మ. ఇద్దరూ బేరానికి దిగే మనుషులు కారు. అప్పుడు అంగడి బుద్ధి పనికొచ్చింది. చప్పుడు చూడటానికి ఒకే సరుకు, విప్పితే రెండు. గట్టితనం వేరు, కీచా బొంగురా అనే స్థాయి వేరు. ఆ మీటరు కీచుమనే మోతను పూర్తిగా లెక్కలోకి తీసుకుంటుంది, బొంగురు మోతను తగ్గించి లెక్కిస్తుంది. గుట్టలు దాటి దూరం పోయేది ఆ బొంగురు మోతే. అంటే మీటరుకు కావలసింది మీటరుకిచ్చి, నారాయణమ్మకు కావలసింది నారాయణమ్మకు ఇవ్వవచ్చు. అందుకు సైలెన్సరు తర్వాత లావుపాటి పొడవైన గొట్టం ఒకటి కావాలి, క్యాబిన్ వెనక నిలువుగా, గొంతులాగా.

గొట్టం ఎక్కడ దొరుకుతుందని నేను మెకానిక్కులను అడుగుతుంటే నారాయణమ్మ అందుకుంది. “మా బోరు కేసింగు ఉండాది. నీళ్లకని దించితిమి, దుమ్మొచ్చె. పెరికి ఇంటెనక పడేసినాం.” బోరు గోడలు కూలకుండా లోపల దించే ఇనుప గొట్టాన్ని కేసింగు అంటారు. మా వైపు నీళ్లకంటే అవే ఎక్కువ.

అలవాటుకొద్దీ, “తుప్పు పట్టి ఉంటుందిలే అక్కా” అన్నాను.

“చూడకనే తుప్పంటాండావు. అంగడోళ్ల బిడ్డవా?”

కేసింగు ఊరికే ఇస్తుంది, కానీ ఎండాకాలం అయ్యేదాకా పొద్దున మొదటి ట్రిప్పు వాళ్ల ఊరికే రావాలి. నేను ఒక నెలకు ఒప్పించడానికి శాయశక్తులా ప్రయత్నించాను. బేరం ముగిసేసరికి ఎండాకాలమంతా మొదటి ట్రిప్పు వాళ్లదే, ఆ పైన పదిమందికీ షెడ్డు తరఫున టీ.

కేసింగును నా ఎత్తుకు కోయించి, లోపల చిల్లుల గొట్టం ఒకటి పెట్టి, సైలెన్సరు మూతికి అతికించాం. మొదట పొడవు ఎక్కువై క్యాబిన్ అదిరింది, బాషా పళ్లు పట్టుకుని దిగాడు. మూడుసార్లు కోశాక కుదిరింది. వాననీళ్లు దిగకుండా పైన రేకు మూత కూడా పెట్టాను. దాన్ని చూసి నవ్వని మెకానిక్కు లేడు.

గడువుకు ముందురోజు బాషాను బండితో రమ్మని, నేను మోటారుసైకిల్ మీద ముందే గుట్ట వెనక్కి చేరుకున్నాను. ఆడవాళ్లు పారలు ఆపి నిలబడ్డారు. గాలిమరల హోరు తప్ప ఏమీ లేదు. అయిదు నిమిషాలు గడిచాయి. పదవీ విరమణ మూడు నెలలు ముందే తీసుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. అంతలో తాగునీటికి తెచ్చుకున్న బిందె ఒకటి, ఖాళీ అయి పక్కన ఉన్నది, సన్నగా జుమ్మంది. నారాయణమ్మ బిందె మూతికి చెవి పెట్టింది. తర్వాత మా అందరికీ వినబడింది, గుట్ట అవతల ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుంటున్నట్టు.

“జలుబు చేసినట్టుండాది గానీ, మనోడే” అని పార పడేసింది.

అందరూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. చేరేసరికి బిందెల వరస పూర్తయింది, నీళ్లు పడుతున్నాయి. నేను తప్ప ఎవరూ ఆయాసపడటం లేదు.

మర్నాడు మేడమ్ మీటరు పెట్టించారు. పరిమితికి రెండు డెసిబెళ్లు కింద. ఈసారీ మీటరు మీద అనుమానంతో ఇంకోసారి తొక్కించారు. తర్వాత బండి చుట్టూ తిరిగి, గొట్టం మీద చేత్తో తట్టారు.

“ఇది బోరు కేసింగు కదా. నీళ్లు పడినాయా దీంట్లో?”

“ఇప్పుడు పడతాండాయి మేడమ్” అన్నాడు బాషా.

ఆవిడ నవ్వు ఆపుకుని సంతకం పెట్టారు.

ఆ వారమే జాబ్ కార్డులో ఒక గడి కలిపించాను, ‘ఈ లోపంతో ఎవరికైనా పని జరుగుతోందా?’ అని. ఇంజనీరు దాన్ని చూసి నా వయసు అడిగారు గానీ కొట్టేయలేదు.

రిటైరైన రోజు మధ్యాహ్నం బాషా పట్టుబట్టి నన్ను మిలటరీ బండిలో ఎక్కించుకుని, గుట్టపల్లెకు వీడ్కోలు చెప్పిస్తానని తీసుకెళ్లాడు. మెళ్లో దండతో పైకి చేరేసరికి ఊరంతా బిందెలతో వరసగా నిలబడి ఉంది. బాషా కొళాయి వైపు చూశాడు, నేను బాషా వైపు చూశాను. ట్యాంకులో చుక్క లేదు.

“పని ఇడిసిపెట్టి వస్తిమి. ఈయప్పను బిందెలో పోసుకోవల్లనా?” అంది నారాయణమ్మ. తర్వాత బాషాను నీళ్లకు తరిమి, ఆ బండి తిరిగొచ్చేదాకా నన్ను వాళ్ల ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పాత బాకీ అట.

నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో ఇది చివరిది. బండి చేసే చప్పుడు కూడా బండి చేసే పనిలో భాగమే, దాన్ని మార్చేముందు వినేవాళ్లను అడగాలి. ఖాళీ ట్యాంకుతో గుట్ట ఎక్కకూడదన్నది కూడా అక్కడే నేర్చుకున్నాను.