పళ్ళతో పట్టిన గరిటె

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళంతా గరిటెను రెండు పాదాల మధ్య బిగించుకొని నునుపు కోసం ఆకురాయి పడతారు. షరీఫున్నీసా ఒక్కతే కాడను ముందు పళ్ళతో కరిచి పట్టుకుంటుంది. ఆమె కాళ్ళు విల్లుల్లా వంగి ఉంటాయి. పాదాలు గట్టిగా అదిమితే మోకాళ్ళు సలుపుతాయి. వాళ్ళ నాయన బాబ్జాన్ కాళ్ళూ అంతే. పళ్ళతో పట్టడం ఆయన కనిపెట్టిన పద్ధతే. నడివయసు రాకముందే ఆయన నోరు బోసిపోయింది.

షరీఫున్నీసా నవ్విందంటే వీధి చివర టీ కొట్టుదాకా వినపడేది. పళ్ళ మధ్య గరిటె ఉన్నా నవ్వు ఆగేది కాదు, గరిటే జారి ఒళ్ళో పడేది. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తిరుగుతోంది. పైవరస ముందు పంటి చిగురు మీద చీముపొక్కు లేచింది. ఇదివరకు ఇలాగే లేచినప్పుడు రెండు దవడ పళ్ళు పీకించుకుంది. ఈసారి ముందు పన్ను. అదీ పోతే నోరు తెరిచి నవ్వేదెలా?

కూతురు షబానా అంతా చూస్తూనే ఉంది. పదో తరగతితో చదువు ఆపి అమ్మ పక్కన పనికి కూర్చుంది. నలుగురిలో నోరు విప్పదు. ఆమె కాళ్ళూ కాస్త వంపే, గరిటె పట్టడమూ అమ్మలాగే.

"మిఠాయిలు తింటే పళ్ళు పుచ్చక ఏమైతాయి?" అంది పక్కింటి రామలక్ష్మమ్మ.

"టీలో కూడా చక్కెర ఏసుకోను గదక్కా. నువ్వు తినే మైసూరుపాకులకు నా పళ్ళు పుచ్చుతాయా?" అంది షరీఫున్నీసా కొంగు చాటునుంచే.

తల్లీకూతుళ్ళు ఆత్మకూరు బస్సెక్కారు. పళ్ళ డాక్టరు సుధారాణికి ఇద్దామని కొత్త గరిటె ఒకటి సంచిలో పెట్టుకున్నారు.

డాక్టరమ్మ చూసింది, ఎక్స్‌రే తీసింది. "పుచ్చేమీ లేదే! అంచు మాత్రం అరిగి గాడి పడుండాది. ఏం కొరుకుతా ఉంటారు?"

"ఏమీ కొరకనమ్మా."

"వక్కలు?"

"నోట పెట్టి ఎరగను."

"దారాలు?"

"కత్తెర ఉండాది గదమ్మా."

అమ్మ అబద్ధం చెప్పడం లేదు. ఆమె దృష్టిలో అది కొరకడం కాదు, పట్టుకోవడం. షబానా సంచిలోంచి గరిటె తీసి, కాడను తన ముందు పళ్ళ మధ్య పెట్టుకొని, ఆకురాయి పట్టినట్టు చేతులు ఆడించింది.

"ఏందమ్మా ఇది! పళ్ళా, పట్టుకారా?" అంటూ డాక్టరమ్మ లేచి నిలబడింది. అప్పుడే ఆమె చూపు ఇద్దరి కాళ్ళ మీద పడింది. "ఈ వంపు ఇంకెవరికి ఉండాది?"

"మా నాయనకుండె. తమ్ముడు జబీవుల్లా మాత్రం తాటిచెట్టు మాదిరి నిటారుగా ఉంటాడు."

"తండ్రికుంటే ఆడపిల్లలందరికీ వస్తాది, మగపిల్లలకు రాదు. అట్టాంటి ఎముకల జబ్బు ఒకటుండాది. ఒంట్లో నిలవాల్సిన ఫాస్ఫరస్ మూత్రంలో పోతాది. ఎముక గట్టిపడదు, పన్నూ అంతే." ఆమె ఎక్స్‌రే చూపించింది. "పైపూత బాగానే ఉండాది. దాని కింద పొర సరిగా గట్టిపడలా. లోపల నరం ఉండే గది పెద్దది, దాని మూలలు అంచుదాకా వచ్చినాయి. పైన రవ్వంత అరిగితే చాలు, క్రిములు లోపలికి దూరతాయి. అందుకే పుచ్చు లేకుండానే చీము."

"అయితే మా నాయన కాళ్ళను కాపాడుకోబోయి పళ్ళు పోగొట్టుకున్నాడన్నమాట" అంది షరీఫున్నీసా.

"పీకాలా?" షబానా గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అక్కర్లా. లోపల శుభ్రం చేసి మూస్తా. నీ పళ్ళు ఇంకా బాగుండాయి, అంచులకు ఇప్పుడే పూత పెడతా. గరిటె మాత్రం మళ్ళీ నోట పెట్టబాకండి. నెల్లూరులో ఎముకల డాక్టరుకు చూపించి, రక్తం పరీక్ష చేయించుకోండి."

నెల్లూరు పరీక్షల్లోనూ అదే తేలింది. ఇద్దరికీ మందులు మొదలయ్యాయి. జబీవుల్లా అక్క కోసం గరిటెలు చేసే నర్ది కర్రతోనే రెండు చెక్కలు కోసి, వాటికి మరమేకు బిగించి, గరిటెను కరిచి పట్టే పీట ఒకటి చేశాడు.

"ఇదిగో అక్కా, కొత్త పళ్ళ సెట్టు. ఊడేది లేదు, నొప్పి పుట్టేది లేదు."

"ఈ పీటకు మూతి మాత్రం అచ్చం నీదే దించినావు గదరా!"

షరీఫున్నీసా నవ్వు మళ్ళీ టీ కొట్టుదాకా వినిపించింది. గరిటె మాత్రం ఒళ్ళో పడలేదు.