గద్ద ఎత్తిన గుప్పిట

మగ్గాల షెడ్డులో ఆమెను అందరూ గద్ద అనే పిలిచేవారు. నాలుగు మగ్గాల అవతల పోగు తెగినా ఆ కంటికి దొరికిపోయేది. ముప్పై ఏళ్ళ కిందట ఒకామె చెయ్యి మగ్గం బెల్టులో పడితే, ఆమె అరిచిన అరుపు మగ్గాల మోతలో ఎవరికీ వినపడలేదు. అప్పుడే నోటికి బదులు చేతులు వాడాలని పట్టుబట్టింది ఈవిడ. పోగు తెగితే రెండు వేళ్ళు, నూనెకి అరచెయ్యి, మేస్త్రీ వస్తున్నాడంటే మీసం మెలేసినట్టు. గుప్పిట పైకెత్తితే అన్ని మగ్గాలూ ఆగాలి, విప్పితేనే మళ్ళీ నడవాలి. ఎవరి ప్రాణం మీదికైనా వస్తే తప్ప గుప్పిట ఎత్తకూడదు. ఉత్తినే ఎత్తినవాళ్ళు ఆ పూటే పని మాని షెడ్డు వదలాలి. ఆ కట్టుబాటూ ఆవిడదే. దాని పేరు చెప్పి ఇద్దరిని, కాళ్ళావేళ్ళా పడినా వినకుండా, గెంటేసింది.

అలాంటి మనిషి ముందుకు, భాష ఎలా పుట్టిందో కనుక్కుంటానంటూ ఒక ప్రొఫెసరు కెమెరాతో దిగాడు. వారం రోజులు షెడ్డంతా తిరిగి, టీ వేళ షెడ్డు బయట బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"నోటి మాటకంటే ముందు మనుషులు చేతులతోనే మాట్లాడుకున్నారని కొందరంటారమ్మా. ఎప్పటి సంగతో, చూసినవాళ్ళు లేరు. ఇక్కడ మాత్రం అలాంటిది కళ్ళముందే జరిగింది."

"అంటే మమ్మల్ని కోతులంటావు."

"అయ్యో, కాదమ్మా. మీరు విడి మాటలు పెట్టారు. పోగు, నూనె, ఆపు. మీ చేతులు చూస్తూ ఇక్కడే పెరిగిన పిల్లలు వాటిని కలిపి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నీ చెప్పుకుంటున్నారు. ఎవరూ నేర్పకుండానే వ్యాకరణం పుట్టింది."

గద్దకు ఒళ్ళు మండింది. తను పెట్టినదానికి ఈ నిన్నటి పిల్లలు మెరుగులు దిద్దడమేమిటి?

ప్రొఫెసరు వీడియో చూపించాడు. ఇద్దరమ్మాయిలు చకచకా చేతులు ఆడిస్తూ, మధ్యమధ్య ముక్కు దగ్గర వేలు వంచుతున్నారు. అది గద్ద ముక్కు, అంటే తనే. ఆ ఒక్కటే ఆమెకు తెలిసింది. మిగతాది ఒక్క ముక్క అంతుపట్టలేదు. అదే షెడ్డులో పనిచేసే కూతురు పక్కనే ఉంది.

"ఏమంటున్నారే?"

"ఏం లేదమ్మా, ఊరికే," అని కూతురు టీ వదిలేసి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది.

గద్ద రుసరుసలాడుతూ వెనకే వెళ్ళింది. టీ వేళ అయిపోయి మగ్గాలు మళ్ళీ నడుస్తున్నాయి. షెడ్డు నడిమధ్య నిలబడి గుప్పిట ఎత్తింది.

నలభై మగ్గాలూ ఆగిపోయాయి. అందరూ కంగారుగా రక్తం కోసం వెతికారు.

"ఎవరికీ ఏం కాలేదు. చేతుల్తో నా గురించి ఏం కూస్తున్నారో, ఇప్పుడు నోటితో కూయండి."

అందరూ కూతురి వైపు చూశారు. చివరికి కూతురే ముందుకొచ్చింది.

"నీకు కళ్ళు ఆనట్లేదు. ఆరు నెలలుగా నీ మగ్గం మీద తెగిన పోగులు నీకు తెలియకుండా మేమే అతుకుతున్నాం. ఆ వీడియోలో వాళ్ళు చెప్పుకుంటున్నది ఆ పూట ఎవరి వంతని. చాలా?"

తిట్టినా అంత కోపం వచ్చేది కాదు. తన మీద జాలిపడిన ప్రతి మొహాన్నీ ఆమె అసహ్యించుకుంది.

"చెయ్యి దించమ్మా. పొరపాటున లేచిందని చెప్దాం," అంది కూతురు గొంతు తగ్గించి.

"నేను గెంటేసిన ఆ ఇద్దరూ ఆ మాటే అన్నారు. విన్నానా నేను?"

గుప్పిట విప్పింది. ఆమెది తప్ప మగ్గాలన్నీ కదిలాయి. టిఫిన్ డబ్బా తీసుకుని గుమ్మం దాకా నడిచింది. కూతురు పరుగున అడ్డమొచ్చి, ఆ మోతలో చేతులతో ఏదో చెప్పింది, మళ్ళీ చెప్పింది. గద్దకు అర్థం కాలేదు. అడగనూ లేదు.