మూటల దగ్గర రాహేలు

చెన్నపట్నం వెళితే ఏమేం చూడాలో మా ఊళ్ళో మహాలక్ష్మమ్మగారే చెప్పాలి. చచ్చిన కాలేజీ అనే మ్యూజియంలో గడ్డి కూరిన జంతువులు, బతికిన కాలేజీ అనే జూలో ప్రాణమున్న పులి, మూర్ మార్కెట్లో గాజుసామాను, ఆఖరికి సముద్రం. ఆవిడ అరుగు మీద కూర్చున్నవాళ్ళెవరూ ఈ వరస వినకుండా లేవలేదు. ఆవిడతోపాటు అన్ని చోట్లకీ వెళ్ళొచ్చిన మా రాహేలత్త చూసిందేమిటో మాత్రం నాకు తెలుసు. గేట్లు.

మాది గురజాల దగ్గర ఊరు. ఇది కాలవలు రాకముందు సంగతి. ఊరంతటికీ ఒకటే మంచినీళ్ళ బావి. మా క్రైస్తవ పేట ఆడవాళ్ళు దాని చేద ముట్టుకోకూడదు. కడవ కింద పెట్టి, ఊళ్ళోవాళ్ళెవరికైనా దయ పుట్టి తోడి పోసేదాకా ఎండలో నిలబడాలి. మా పక్కింటి రాహేలత్త బతుకు సగం అక్కడే గడిచిపోయింది. తక్కిన సగం మహాలక్ష్మమ్మగారి గొడ్లచావిట్లో.

ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, సముద్రానికి గట్టూ లేదు, కావలివాడూ లేడు అన్నారు. ఆ మాట ఆమె మనసులో పడిపోయింది. ఎవర్నీ అడక్కుండా ఆ నీళ్ళలో దిగి, రెండు చేతులా తీసుకుని నెత్తిన పోసుకోవాలని నాతో ఎన్నిసార్లు అందో. అందుకే యాభై ఆరులో మహాలక్ష్మమ్మగారు తమతో చెన్నపట్నం వస్తే సముద్రం చూపిస్తానంటే, తననెందుకు తీసుకెళుతున్నారని కూడా ఆలోచించకుండా బయలుదేరింది.

పట్నంలో కన్ను మూసి తెరిచేలోగా మూట మాయమవుతుందని ఆ ఇంటివాళ్ళకి ఎవరో చెప్పారట. సత్రం గదికి తాళముంది గానీ ఆ తాళాన్ని వీళ్ళు నమ్మితేగా! బియ్యం, ఆవకాయ జాడీ, నేతిడబ్బా, నగలు దాచిన చీరల మూట, అన్నీ జట్కాలో వేసుకుని ఎక్కడికి పోతే అక్కడికి మోసుకెళ్ళారు. ఆవకాయ జాడీతో పులిని చూడబోయినవాళ్ళు మావాళ్ళు తప్ప ఇంకెవరైనా ఉంటారా? ప్రతి గేటు దగ్గరా మూటలు దించి, కాపలాకి రాహేలత్తను కూర్చోబెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళు. నువ్వుంటే నాకు నిశ్చింతే అనేవారట ఆవిడ. పొగడ్తకేం కరువు చెయ్యలేదు.

ఆఖరి సాయంత్రం సముద్రం దగ్గరా అంతే. రోడ్డుకీ నీళ్ళకీ మధ్య బోలెడంత ఇసక. రోడ్డు పక్కనే మూటలు దించి, మేం వచ్చాక నువ్వు వెళుదువుగానిలే అన్నారు. కూర్చున్న చోటికి హోరు వినపడుతోంది. కనపడేవి మాత్రం జనం వీపులు. వాళ్ళు తడిసి, నవ్వుకుంటూ తిరిగొచ్చేసరికి రైలుకి వేళైపోయింది. వాళ్ళ తడిచీరలు పిండి మూట కట్టింది రాహేలత్త. ఆమెకు దక్కిన సముద్రం అంతే.

ఊరికి తిరిగొచ్చిన రోజు అరుగు నిండా జనం. సముద్రం ఎట్టుందో చెప్పవే అన్నారు మహాలక్ష్మమ్మగారు. అంతమందిలో ఆవిడ మాట తీసెయ్యలేక, తన చిన్నతనం బయటపెట్టుకోలేక, చానా పెద్దదని చెప్పింది పిచ్చిది. పేటలో పిల్లలడిగితే అలలు మేడంత లేస్తాయంది. చూడలేదని నాకొక్కదానికే చెప్పి, ఎవరితోనూ అననని ఒట్టేయించుకుంది.

అరవై రెండులో మా చర్చివాళ్ళు లారీ మాట్లాడుకుని బాపట్ల దగ్గర సూర్యలంకకు ప్రయాణం కట్టారు. రాహేలత్త మిరప కళ్ళంలోకి వెళ్ళి మహాలక్ష్మమ్మగారిని సెలవడిగింది. మేమంతా అక్కడే కాయలు ఏరుతున్నాం.

"ఏందే, సముద్రమా? నేను చూపించలా నీకు? చూసిందాన్నే మళ్ళా ఏం చూస్తావు? ఇక్కడ కాయంతా అట్టాగే పడుంటే."

రాహేలత్త నేలకేసి చూస్తూనే అంది.

"నేను చూళ్ళేదమ్మా. మీ మూటలు చూశా."

"అబద్ధాలాడబాక. ఊరందరికీ నువ్వే గదటే చెప్పింది!"

కళ్ళంలో వాళ్ళంతా అవునవునని నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిజం చెబుదామని నేను లేవబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మేమూ ఆ కళ్ళంలోనే బతకాలి మరి.

లారీ ఆమె లేకుండానే వెళ్ళింది. నేను వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రాహేలత్త గుమ్మంలో కూర్చుని, మిరపకాయలకు మండుతున్న చేతులకు ఆముదం రాసుకుంటోంది. అలలు ఎంతెత్తున లేస్తాయని అడగలేదు.

"నీళ్ళలోకి దిగావా?"

"దిగానత్తా."

"ఎవురూ ఏమన్లా?"

"ఎవురూ ఏమన్లేదు."

మళ్ళీ చేతులకు ఆముదం రాసుకుంది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికే మంచినీళ్ళ బావి దగ్గర కడవ కింద పెట్టి, ఎవరైనా వచ్చి పోస్తారని నిలబడి ఉంది.