తాళం వేసిన పేజీలు

డాక్టరమ్మది ఊపిరితిత్తుల వార్డు. మధ్యాహ్నం ఒక చేత్తో అన్నం తింటూ, ఇంకో చేత్తో ఫోనులో కొత్త పరిశోధనా వ్యాసాల సారాంశాలు చదవడం ఆవిడ అలవాటు. ఆవిడదనేముంది, ఆ ఆసుపత్రిలో అందరిదీ అదే పద్ధతి. పైన నాలుగు వాక్యాల సారాంశం ఉచితం, కింద అసలు వ్యాసానికి తాళం. ఆ పత్రికలకు చందా కట్టడం ఆసుపత్రి ఎప్పుడో మానేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి! ఎవరైనా అడిగితే, "సారాంశం చాల్లేమ్మా, మిగతావన్నీ లెక్కలేగా" అనేవారు పెద్దడాక్టరు గారు. కాబోలనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

అలాంటిది, సొంత తమ్ముడే ఆ వార్డులో వచ్చి పడ్డాడు. మోటారు మెకానిక్కు. ఇంజను చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడు. "నీకు రక్తాలూ ఎక్స్‌రేలూ కావాలి. నాకు చెవి చాలక్కా" అని ఉడికించేవాడు. ఇప్పుడు మాట్లాడితే ఆయాసం. మామూలు మందులేవీ పనిచెయ్యడం లేదు. పైగా చిన్నప్పటి జబ్బువల్ల మూత్రపిండాలు అంతంతమాత్రం.

సరిగ్గా అప్పుడే ఒక కొత్త ఇంజెక్షను మీద వ్యాసం వచ్చింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. చాలా ఆసుపత్రులు కలిసి చేసిన ఆ పరిశోధనలో ఈ వార్డు రోగులూ ఉన్నారు! రక్తం సీసాలకు చీటీలు అంటించి పంపింది ఈవిడే. తన రోగులు నిక్షేపంగా ఇంటికెళ్ళడం కళ్ళారా చూసింది. "చెప్పుకోదగ్గ దుష్ప్రభావాలు లేవు" అంటోంది సారాంశం. మన రోగులే కదా, ఇంకా అనుమానమేమిటి అనుకుంది. అయినా అసలు వ్యాసం పంపమని పరిశోధకులకు రాసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తమ్ముడి ఆయాసం చూస్తూ కూర్చోలేక పూర్తి మోతాదు మొదలుపెట్టేసింది.

ఆయాసం తగ్గింది. కానీ ఒక పొద్దున వాడు, "అక్కా, ఫ్యాను తిరుగుతోంది గానీ చప్పుడు రాదేం?" అన్నాడు. ఆవిడ ఇంజెక్షను వెంటనే ఆపేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పెద్ద విశ్వవిద్యాలయంలో పనిచేసే పాత స్నేహితురాలి కాళ్ళావేళ్ళా పడితే ఆ వ్యాసం మొత్తం చేతికొచ్చింది. లోపలెక్కడో ఒక పట్టిక కింద ఉంది. మూత్రపిండాలు బలహీనమైనవారికి సగం మోతాదే ఇవ్వాలి, లేకపోతే వినికిడి పోతుంది, తిరిగి రాదు. చివర ఈ వార్డుకు కృతజ్ఞతలు కూడా చెప్పారు, మహానుభావులు! ఎవరి రక్తం, ఎవరి తాళం?

ఆ కాగితాలు పట్టుకుని తమ్ముడి మంచం పక్కన కూలబడింది.

"ఏం రాశారక్కా అందులో?"

"సగమే ఇవ్వాలటరా. నాకు తెలియలేదు. నేనే నీ చెవులు పోగొట్టాను."

"ఏంటీ? గట్టిగా చెప్పు."

ఆవిడ గొంతు చించుకుని మళ్ళీ చెప్పింది. వార్డులో ప్రతి మంచం మీదా తలలు ఇటు తిరిగాయి. వాడు మాత్రం ఆవిడ పెదాలకేసి చూస్తూ, "ఇంకొంచెం గట్టిగా అక్కా" అన్నాడు.